దిగడం తెలిసిన సైకిల్

ఇరవై అంగుళాల చక్రాలు, ఒకే గేరు, ఒకే బ్రేకు. మట్టి దిబ్బల మీంచి దూకడానికి చేసిన 1990ల నాటి డర్ట్ జంప్ బీఎమ్ఎక్స్‌లో ప్రతి గొట్టమూ ప్రతి చువ్వా ఒక్క క్షణం కోసం తయారైంది. గాల్లోకి లేచిన పిల్లవాడు తిరిగి మట్టిని తాకే క్షణమది. హైదరాబాద్ బొల్లారంలో ఆ సైకిల్‌ను విప్పి చూశాం.

అయిదడుగుల ఎత్తు నుంచి కింద పడే వస్తువు ఏదైనా నేలను తాకేసరికి గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ పడేది ఒక సైకిలూ, దాని పెడళ్ల మీద నిలబడ్డ కుర్రాడూ అయితే దెబ్బ ముందుగా టైర్లకు తగులుతుంది. అక్కణ్నుంచి రిమ్ములకు, చువ్వలకు, ఇరుసులకు, ఫోర్కుకు, పెడళ్లకు, చివరికి కుర్రాడి చీలమండలకు, మోకాళ్లకు పాకుతుంది. సీటుకు మాత్రం తగలదు. దూకేటప్పుడు ఎవరూ సీటు మీద కూర్చోరు. గాల్లో రెండు చేతులూ వదిలేసే ఒడుపున్నవాళ్లు దాన్ని మోకాళ్లతో ఒత్తి పట్టుకుంటారు. కూర్చునే పని లేదు కాబట్టే సీటు అంత చిన్నగా, అంత కిందికి ఉంటుంది.

సైకిల్ అనగానే మనకు ప్రయాణం గుర్తొస్తుంది. బడికి, పొలానికి, డ్యూటీకి. దీన్ని తయారుచేసినవాళ్ల మనసులో ప్రయాణమే లేదు. ఎంత ఎత్తు నుంచి దిగినా చెక్కుచెదరకుండా ఉండాలి, దిగిన మరుక్షణం ఇంకో దిబ్బ ఎక్కగలగాలి. వాళ్లు వేసుకున్న లెక్క అంతే. ఈ లెక్క తెలియకుండా చూస్తే ఇదొక పొట్టి పిల్లల సైకిల్. తెలిసి చూస్తే, సైకిళ్ల చరిత్రలో ఇంత నిజాయితీగా రూపుదిద్దిన యంత్రాలు తక్కువేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నా దగ్గరున్నది 1990ల చివరిది. కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో పెరిగిన మా అక్క కొడుకు దాన్ని విప్పి, అట్టపెట్టెలో సర్ది బొల్లారం తెచ్చాడు. తిరిగి తీసుకుపోలేదు. "మామయ్యా, దీన్ని కూరగాయల సంచికి వాడొద్దు. మట్టి మీదే తొక్కించు" అని మాత్రం చెప్పి వెళ్లాడు. స్టిక్కర్లు ఎప్పుడో పోయాయి, రంగు సగం లేచిపోయింది. ఫ్రేమ్ మాత్రం నిటారుగా ఉంది.

రిసాలా బజార్ వైపున్న ఒక పాత సైకిల్ దుకాణానికి తీసుకెళ్తే మెకానిక్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సార్, మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, చైన్ కవర్ లేదు, బెల్లు లేదు. పాతబడ్డదని సామానంతా తీసేసిన్రా?" అన్నాడు. పుట్టుకే అలా అని చెప్పాను. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి వెనక చక్రం ఇరుసు మీద వేలు పెట్టి ఆగిపోయాడు. "ఇది బండి ఇరుసు లెక్క ఉంది గదా!"

ఆయన వేలు సరిగ్గా పెట్టాల్సిన చోటే పెట్టాడు. మన ఊళ్లలో తిరిగే పెద్ద సైకిల్ ఇరుసు పది మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. దీని వెనక ఇరుసు 14 మిల్లీమీటర్లు. గుండ్రటి కడ్డీ మందం పెరిగేకొద్దీ వంగకుండా నిలిచే బలం మందంతో సమానంగా పెరగదు, దాని ఘనంతో పెరుగుతుంది. నాలుగు మిల్లీమీటర్ల తేడాతో బలం మూడింతల దాకా పోతుంది. ఇరుసు కూర్చునే ఇనుప పలకలూ అలాగే మందంగా ఉంటాయి. పెద్ద సైకిల్‌కు ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 చువ్వలు. దీనికి చక్రం అంతకన్నా ఎంతో చిన్నదైనా 48 చువ్వలున్నాయి. రేసులకు వాడే బీఎమ్ఎక్స్‌లకు 36 చాలు. దూకేవాళ్లు, అందులోనూ బరువున్నవాళ్లు, ఆ రోజుల్లో 48కే మొగ్గేవారు. చిన్న చక్రంలో చువ్వలు పొట్టిగా ఉంటాయి, దగ్గరదగ్గరగా ఉంటాయి, రిమ్ము పక్కకు వంగేందుకు సందు దొరకదు.

ఇక్కడే ఒక బంధుత్వం కూడా బయటపడింది. చైను. మన పెద్ద సైకిల్ చైను లింకు అర అంగుళం, వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు. ఈ అమెరికా సైకిల్‌దీ అదే కొలత. మెకానిక్ తన డబ్బాలోంచి కొత్త చైను తీసి పళ్ల మీద వేస్తే అచ్చంగా కూర్చుంది. టైరూ దొరికింది. మన పిల్లల సైకిళ్లకు వచ్చే ఇరవై అంగుళాల వెడల్పు టైరు ఈ రిమ్ముకు పడుతుంది. కాకపోతే గట్టి గాలి పట్టి దెబ్బను ఓర్చే గోడలు ఆ టైరుకు ఉండవు. ఇంటి చుట్టూ తిరగడానికి సరే, దిబ్బల మీదికి వద్దు.

గేరు సంగతి వేరు. మన పెద్ద సైకిల్‌కు ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉండటం మామూలు. 28 అంగుళాల చక్రంతో పెడల్ ఒక్క చుట్టు తిరిగితే అయిదున్నర మీటర్లు పోతుంది. దీనికీ ముందు 44 పళ్లే, వెనక 16. కానీ చక్రం చిన్నది కాబట్టి ఒక్క చుట్టుకు 4.4 మీటర్లే. దిబ్బకు ముందు దొరికే నేల కాస్తంత. ఆ కాస్త దూరంలో నాలుగైదు తొక్కుళ్లకే వేగం అందుకోవాలి. దూరాన్ని వదులుకుని ఆ ఊపును కొనుక్కున్నారు.

పిల్లలు కనిపెట్టిన బండి

దీని పుట్టుక ఏ ఇంజనీరు బల్ల మీదా జరగలేదు. 1963లో ష్విన్ కంపెనీ స్టింగ్‌రే అనే సైకిల్ తెచ్చింది. ఎత్తైన హ్యాండిల్, పొడవాటి అరటిపండు సీటు, ఇరవై అంగుళాల చక్రాలు. దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు దాన్ని ఖాళీ స్థలాల్లోకి తోలుకుపోయి, పెద్దవాళ్లు మోటారు సైకిళ్లతో చేసే మోటోక్రాస్‌ను పెడళ్లతో చేయడం మొదలుపెట్టారు. అదే బైసికిల్ మోటోక్రాస్, పొట్టిగా బీఎమ్ఎక్స్. 1970లో లాంగ్ బీచ్‌లో స్కాట్ బ్రైట్‌హాప్ట్ అనే కుర్రాడు, అప్పటికి మీసాలు కూడా రాని వయసు, ఒక ఖాళీ జాగాలో పద్ధతి ప్రకారం పోటీలు పెట్టాడు. మరుసటి ఏడాది బ్రూస్ బ్రౌన్ తీసిన 'ఆన్ ఎనీ సండే' అనే మోటారు సైకిల్ డాక్యుమెంటరీ మొదట్లోనే మట్టిలో సైకిళ్లు దూకించే పిల్లలు కనిపించారు. ఊరూరా పిల్లలకు అది అంటుకుంది.

అంటుకున్నాక సైకిళ్లు విరగడం మొదలైంది. ఫోర్కులు వంగాయి, చక్రాలు అప్పడాల్లా ముడుచుకున్నాయి, వెల్డింగులు ఊడాయి. ఈ విరుగుళ్లే బీఎమ్ఎక్స్‌కు గురువులు. 1974 ప్రాంతంలో రెడ్‌లైన్ కంపెనీలో లిన్ కాస్టన్ గొట్టాలతో కొత్త ఫోర్కు చేశాడు. స్కిప్ హెస్ చువ్వలే లేని పోతపోసిన చక్రం చేసి, దాని వెంటే మంగూస్ సైకిళ్లను నిలబెట్టాడు. డ్రాగ్ రేసు కార్ల చట్రాలు వెల్డింగ్ చేసే గ్యారీ టర్నర్ తన కొడుకు కోసం ఒక ఫ్రేమ్ అతికాడు. చుట్టుపక్కల పిల్లలు మాకూ కావాలన్నారు. 1979లో రిచర్డ్ లాంగ్‌తో కలిసి ఆయన పెట్టిన కంపెనీయే జీటీ. కొడుకు విరగ్గొట్టుకోకూడదని తండ్రి చేసిన ఫ్రేమ్ అది. బీఎమ్ఎక్స్ ఫ్రేముల్లో కనిపించే ఆ మొండి గట్టిదనానికి మూలం అక్కడుందని నేను నమ్ముతాను.

1982లో స్పీల్‌బర్గ్ 'ఈ.టీ.' వచ్చింది. జపాన్‌లోని ఒసాకాకు చెందిన కువహరా సైకిళ్ల మీద పిల్లలు పోలీసులను తప్పించుకుని పారిపోయే దృశ్యం ప్రపంచమంతా చూసింది. 1983లో ఆస్ట్రేలియాలో 'బీఎమ్ఎక్స్ బ్యాండిట్స్' వచ్చింది. అందులో కథానాయిక అప్పటికి టీనేజీలో ఉన్న నికోల్ కిడ్‌మన్. అదే 1983 నవంబరులో ఎలిజబెత్ రాణి మన బొల్లారం వచ్చి, 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చిలో తన 36వ పెళ్లిరోజు ప్రార్థనలో పాల్గొన్నారు. రాణి రాకను బొల్లారం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ కాలంలో ఇక్కడి పిల్లల సైకిల్ జీవితం మాత్రం గంటల లెక్కన నడిచింది. కిరాయి సైకిల్ తీసుకోవడం, సీటు అందకపోతే ఫ్రేమ్ మధ్యలోంచి కాలు దూర్చి కైంచీ తొక్కడం, గంట అయిపోతుందని గుండె దడదడలాడుతూ వెనక్కి తిరగడం. తర్వాత బీఎమ్ఎక్స్ వాలకంతో పిల్లల సైకిళ్లు మన మార్కెట్లోకీ వచ్చాయి. హ్యాండిల్‌కు అడ్డ కడ్డీ, దాని మీద మెత్త, వెడల్పు టైర్లు. వాలకమే వచ్చింది. లోపలి లోహం రాలేదు.

ఆ లోహం పేరు క్రోమోలీ

మామూలు ఉక్కులో కాస్త క్రోమియం, అంతకన్నా తక్కువ మాలిబ్డినం కలిపితే వచ్చే మిశ్రమాన్ని 4130 అంటారు. క్రోమియం ఒక శాతం మేర, మాలిబ్డినం శాతంలో అయిదో వంతు. విమానాల చట్రాలకు వాడిన గొట్టం ఇది. దీని గురించి ఒక అపోహ ఉంది, ఇది మామూలు ఉక్కు కన్నా బిగువుగా ఉంటుందని. ఉండదు. ఒకే కొలత గొట్టాలు రెండింటినీ ఒకే బరువు పెట్టి వంచితే రెండూ ఒకేలా వంగుతాయి. తేడా ఆ తర్వాత తెలుస్తుంది. మామూలు ఉక్కు ఒక హద్దు దాటాక వంగినచోటే ఉండిపోతుంది. క్రోమోలీ అంతకన్నా ఎంతో ఎక్కువ బరువు మోసి కూడా తిరిగి నిటారుగా నిలబడుతుంది. కాబట్టి గొట్టం గోడను పలచగా చేసుకోవచ్చు, బరువు తగ్గించుకోవచ్చు, అయినా విరగదు. డర్ట్ జంప్ సైకిల్‌కు కావాల్సిన గుణం ఇదే. దెబ్బ తిన్నప్పుడు వంగాలి, వంగిన సంగతి మరిచిపోవాలి.

మన పెద్ద సైకిల్ గొట్టాలు మూలల్లో లగ్గులు అనే ఉక్కు తొడుగుల్లోకి దూరి, ఇత్తడి కరిగించి అతికి ఉంటాయి. దీనికి లగ్గులు లేవు. గొట్టాన్ని గొట్టానికి ఆనించి టిగ్ వెల్డింగ్ చేశారు. హ్యాండిల్ గొట్టం కింద, గొట్టాలు కలిసే మూలలో, త్రికోణాకారంలో ఒక రేకు ముక్క అతికి ఉంటుంది. ముందు చక్రం ముందుగా నేలను కొడితే ఫోర్కు వెనక్కి నెట్టేది ఆ మూలనే. పాత ఫ్రేములు అక్కడే చీలాయి కాబట్టి ఆ ముక్క వచ్చింది. ఫ్రేమ్ మీద అలంకారంలా కనిపించే ప్రతిదాని వెనకా ఒక విరిగిన ఫ్రేమ్ ఉంది.

ఫోర్కు దాదాపు నిలువుగా ఉంటుంది, నేలతో 74 డిగ్రీల కోణం. మన పెద్ద సైకిల్ ఫోర్కు బాగా ముందుకు వాలి ఉంటుంది, అది గుంతల రోడ్డు మీద తిన్నగా పోవడానికి. ఇది గాల్లో మెలి తిరగడానికి. పై గొట్టం 21 అంగుళాల లోపే. పెడళ్లు బిగించే క్రాంకులు మాత్రం పొడుగు, 175 నుంచి 180 మిల్లీమీటర్లు. ఎందుకంటే దిగేటప్పుడు రెండు పెడళ్లూ సమానమైన ఎత్తులో పెట్టి, ఒక కాలు ముందుకు ఒక కాలు వెనక్కి వేసి నిలబడాలి. పాదాల మధ్య ఎడం ఉంటేనే నిలకడ. ముందు బ్రేకు పెట్టుకోరు. దిగే క్షణంలో వేలు పొరపాటున దాని మీద పడితే మనిషి హ్యాండిల్ మీదుగా వెళ్లిపోతాడు. హ్యాండిల్ అడ్డ కడ్డీ మాత్రం మోటోక్రాస్ నుంచి వచ్చిన ఆస్తి, చేతుల మీద పడే బరువుకు రెండు వైపులా విచ్చుకుపోకుండా పట్టి ఉంచుతుంది.

పాతదని ఎలా గుర్తుపట్టాలి? ముందు పళ్ల చక్రం చూడండి. 44 పళ్లతో ఏడంగుళాల పళ్లెం. 2000 తర్వాత అది చిన్నదవుతూ 25 పళ్లకు, నాలుగంగుళాలకు వచ్చింది. వెనక 16 పోయి 9 వచ్చింది. లెక్క వేస్తే తొక్కుడు బరువు దాదాపు మారలేదు. బరువు తగ్గింది, దిబ్బ అంచుకు పళ్లెం తగిలే ప్రమాదం తగ్గింది. ఇప్పటి సైకిళ్లు పది పదకొండు కిలోలుంటే 1990ల దూకుడు సైకిళ్లు పదిహేను కిలోల దాకా ఉండేవి. ఇప్పటివే మంచి సైకిళ్లు, అందులో సందేహం లేదు. కానీ ఆ పెద్ద పళ్లెం తిరుగుతుంటే చూపు దాని మీంచి మరలదు.

1990ల నాటి సైకిళ్లు అంత బరువెందుకంటే అవి ఒక తిరుగుబాటు బిడ్డలు. 1980ల చివర్లో బీఎమ్ఎక్స్ మోజు పడిపోయింది, పెద్ద కంపెనీలు చేతులెత్తేశాయి. దూకేవాళ్లే తమ సైకిళ్లు తాము చేసుకోవడం మొదలుపెట్టారు. 1987లో క్రిస్ మోలర్, గ్రెగ్ స్కాట్ ఇద్దరు కుర్రాళ్లు పెట్టిన ఎస్ అండ్ ఎమ్, ఆ తర్వాత ఓక్లహోమాలో మ్యాట్ హాఫ్‌మన్ పెట్టిన హాఫ్‌మన్ బైక్స్ అలాంటివే. తాము ఎన్ని ఫ్రేములు విరగ్గొట్టారో వాళ్లకు గుర్తుంది. బరువు పెరిగినా ఫర్వాలేదు, విరగకూడదు అన్నారు. కాలిఫోర్నియా కోస్టా మెసాలో షీప్ హిల్స్, పెన్సిల్వేనియాలో పోష్ అనే మట్టి దిబ్బల చోట్లు ఈ సైకిళ్లకు పరీక్షశాలలు. 1995లో మొదటి ఎక్స్ గేమ్స్‌లోనే డర్ట్ జంపింగ్ ఉంది. బీఎమ్ఎక్స్ రేసు 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు ఎక్కింది. పార్కు విన్యాసాలు టోక్యోలో చేరాయి. మట్టి దిబ్బలు మాత్రం ఇప్పటికీ ఒలింపిక్స్‌లో లేవు.

సగం సైకిల్ మట్టిలోనే ఉంది

డర్ట్ జంప్ సైకిల్ గురించి ఎంత చెప్పినా దిబ్బ గురించి చెప్పకపోతే అది సగం మాటే. సైకిల్ మోయాల్సిన దెబ్బలో ఎక్కువ భాగాన్ని మట్టి తగ్గిస్తుంది.

ఒక లెక్క చూడండి. కుర్రాడు గంటకు 29 కిలోమీటర్ల వేగంతో, 35 డిగ్రీల వాలుగా కిందికి వస్తున్నాడు. అక్కడ చదునైన నేల ఉంటే అతనికి తగిలే దెబ్బ ఒక మీటరు పైనుంచి నిట్టనిలువుగా పడ్డంత. అదే చోట 30 డిగ్రీల వాలున్న దిబ్బ ఉంటే తగిలేది రెండున్నర సెంటీమీటర్ల నుంచి, అంటే ఒక అంగుళం నుంచి పడ్డంత. సైకిల్ అదే, మనిషి అదే, వేగం అదే. మట్టి వాలు మారింది, అంతే. మంచి దిబ్బ మీద దిగినప్పుడు చప్పుడే రాదు. ఆ వాలును చేత్తో చెక్కేవాళ్లను నేను సైకిల్ చేసినవాళ్లతో సమానమైన కళాకారులుగా చూస్తాను.

బొల్లారం నేల దక్కను గట్టు. కింద గ్రానైటు రాయి, పైన అది చివికి వచ్చిన మొరం. మొరం బరువు మోస్తుంది, నీళ్లు ఇంకిపోతాయి, దిబ్బ కడుపులో నింపడానికి ఇంతకన్నా మంచిది లేదు. కానీ గులకగా ఉంటుంది, జిగురు తక్కువ, అంచు నిలవదు. చక్రం తిరిగే కొద్దీ రాలిపోతుంది. పైపొరకు జిగురున్న ఎర్రమట్టి కావాలి, దానిలో చెరువు మన్ను కాస్త కలపాలి. చక్రం నేలను వదిలే ఆఖరి అడుగుకు నన్నడిగితే పుట్టమన్నే వాడమంటాను. మన అవ్వలు ఇంటి అరుగులకు మెత్తింది దాన్నే. చిమ్మి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, పైన పారతో నున్నగా చెక్కాలి. ఎండాకాలంలో బీటలు వారుతుంది కాబట్టి తొక్కే ముందు తడపాలి. వాన వెలిసిన రెండో రోజు మట్టి సరిగ్గా పదునులో ఉంటుంది. ఆ రోజు తొక్కడం కన్నా దిబ్బ సరిచేసుకోవడం మంచిది. తొక్కేవాళ్లే తవ్వాలన్నది పెన్సిల్వేనియా అడవుల్లో ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు. మన పిల్లలకూ అది నప్పుతుంది.

పాత సైకిల్ చేతికొచ్చినవాళ్లకు ఒక మాట. దాన్ని కొత్తదిలా చేయాలన్న ఆత్రం వద్దు. గీతలూ, లేచిన రంగూ దాని చరిత్ర. కప్పులు, గోళీలు విప్పి కిరోసిన్‌తో కడిగి కొత్త గ్రీజు పెట్టండి. చువ్వలు ఒక్కొక్కటీ వేలితో మీటి చూడండి, వదులుది శబ్దంలోనే తెలుస్తుంది. హ్యాండిల్ గొట్టం వెనక, పెడళ్ల ఇరుసు చుట్టూ, వెనక చక్రం పలకల దగ్గర రంగులో వెంట్రుకంత గీత ఉందేమో పట్టపగలు వెలుతురులో వెతకండి. గీత ఉంటే ఆ ఫ్రేమ్‌ను గోడకు తగిలించండి, పిల్లవాడికి ఇవ్వొద్దు. ఉక్కు ఎంత మంచిదైనా వేల దెబ్బలు తిన్నాక అలసిపోతుంది. అందుకే పాత హ్యాండిల్, పాత ఫోర్కుతో ఎత్తు నుంచి దూకొద్దు. ఆ రెండూ కొత్తవి వేసుకోండి, పాతవి జాగ్రత్తగా దాచుకోండి. రెండింటిలో ఏది విరిగినా ముందు నేలకు తగిలేది ముఖం. హెల్మెట్, మోకాలి కవచాలు లేకుండా అడుగు దిబ్బ కూడా వద్దు.

ఇక చోటు. బొల్లారంలో ఖాళీ నేల కంటికి కనిపిస్తుంది కానీ అందులో చాలావరకు రక్షణ శాఖది. అక్కడ పార వేయకూడదు, వేయమని నేను చెప్పను. అయితే ఇక్కడే ఉన్న రాష్ట్రపతి నిలయం 90 ఎకరాల ఆవరణను 2023 నుంచి ఏడాది పొడవునా జనం చూసేందుకు తెరిచారు. ఒకప్పుడు ఊహకే అందని సంగతి అది. నగరం చుట్టూ ఔటర్ రింగు రోడ్డు పక్కన అదే ఏడాది 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు. పెద్దవాళ్ల సైకిల్‌కు అంత పొడవైన దారి దొరికినప్పుడు, పన్నెండేళ్ల పిల్లల సైకిల్‌కు అల్వాల్, బొల్లారం వైపు ఏదో ఒక పార్కు మూలలో కాస్త నేల అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

పొడవు ముప్పై నలభై మీటర్లు, వెడల్పు నాలుగు మీటర్లు చాలు. రెండడుగుల ఎత్తున మూడు దిబ్బలు, వరసగా. మొదటివాళ్లకు ఎక్కే వాలుకూ దిగే వాలుకూ మధ్య గుంత ఉండకూడదు, మట్టితో నింపి బల్లలా చదును చేయాలి. సరిగ్గా అందుకోలేక మధ్యలో పడ్డా చదును మీదే దొర్లి ముందుకు పోతారు. నాలుగైదు ట్రాక్టర్ల మొరం, ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి, వాననీళ్లు పోవడానికి పక్కన ఒక కాలువ, తడపడానికి ఒక కుళాయి. పారలు పిల్లలు తెచ్చుకుంటారు. సైకిల్ అమెరికాదే కానక్కర్లేదు. మొదటి రెండడుగులకు మంచి చక్రాలున్న ఏ పొట్టి సైకిలైనా సరిపోతుంది, స్టాండూ మడ్‌గార్డులూ విప్పేస్తే చాలు. రిసాలా బజార్ మెకానిక్ ఆ పని ఉచితంగా చేస్తానన్నాడు.